చెరువు పచ్చనీళ్లల్ల ల్యాంథనం పోసి చూడాలంటే ఎట్ల చేయాలె

రేర్ ఎర్త్ మెటల్స్‌తోని (ల్యాంథనం అసుంటి ఒక జాతి లోహాలు) నాచుకి ఏమైతదో చూస్తం సార్ అని డిగ్రీ పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటరు, అందరు చేసేది ఒకటే, సీసాల పచ్చనీళ్లు పోసి ల్యాంథనం కలిపి రెండు రోజులైనంక నీళ్లు తేటగైనయి కాబట్టి నాచు చచ్చింది అని రికార్డుల రాసుడు. నేను కూడా మొదటిసారి గట్లనే రాసిన. తర్వాత సీసాలు కడుగుదామని వంపితే అడుగున పచ్చటి చెక్క పేరుకొని ఉంది, జర గీకి మైక్రోస్కోప్ కింద పెడితే కణాలు ఎక్కడివక్కడ గుండ్రంగ, పచ్చగ, నిక్షేపంగ ఉన్నయి. చావలే, ముద్దకట్టి కిందికి దిగినయి అంతే. మన దగ్గర ఫ్లోరైడ్ నీళ్లకి పటిక వేస్తే అంతా ఎట్ల అడుక్కి దిగుతదో గిది కూడా అదే లెక్క, పటికల అల్యూమినియం లెక్క ల్యాంథనంకి కూడా మూడు ప్లస్ చార్జీ కదా.

అందుకే నీళ్లు తేటపడితే మూడు అనుమానాలు పెట్టుకోవాలె: కిందికి దిగిందా, తిండి లేక ఆగిందా, నిజంగ మెటల్ విషమైందా. ఈ మూడు విడగొట్టేటట్టు సీసాలు పెట్టకపోతే చేసి ఫాయిదా లేదు.

తిండి సంగతి ఏందంటే, నాచు పెరగాలంటే ఫాస్ఫేట్ కావాలె, ల్యాంథనంకి ఆ ఫాస్ఫేట్ అంటే మస్తు ప్రేమ, దొరికితే పట్టుకొని కరగని పొడి అయిపోతది. ఆస్ట్రేలియాల దీన్నే మందు చేసిన్రు, ల్యాంథనం పట్టించిన బెంటనైట్ మట్టిని చెరువులల్ల చల్లి ఫాస్ఫరస్‌ని కట్టేసి నాచు పెరగకుండ చేస్తరు. లెక్కకి 4.5 మిల్లీగ్రాముల ల్యాంథనం ఒక మిల్లీగ్రాము ఫాస్ఫరస్‌ని మింగుతది.

ఇప్పుడు పని. ఎండాకాలం పెట్టుకోకుర్రి, నల్లగొండ ఎండకి గదిలనే నాచు ఉడుకుతది, చలికాలం మంచిది. పొద్దున్నే పానగల్లు ఉదయసముద్రం ఒడ్డున పచ్చగున్న దగ్గర లీటరు నీళ్లు తెచ్చుకోండి, దారాల్లెక్క సాగే నాచు వద్దు, అది లెక్కపెట్టరాదు. పల్చటి నైలాన్ గుడ్డల వడపోయాలె, లేకపోతే కంటికి ఎగిరే చుక్కల్లెక్క కనిపించే నీటిపురుగులు రెండ్రోజుల్ల నాచు మొత్తం మేసేస్తయి, మీరేమో ల్యాంథనం చంపిందనుకుంటరు. వడపోసినంక సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి పైనీళ్లు వంపేయండి, చెరువుల ఫాస్ఫేట్ వెంట రావద్దు.

మీడియం (నాచుకి తిండి కలిపిన నీళ్లు) దగ్గరనే చాలామంది పప్పుల కాలేస్తరు. ల్యాబ్‌ల రెడీగ ఉంది కదా అని బోల్డ్ బేసల్ మీడియం పోస్తరు, దాంట్ల ఫాస్ఫరస్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటుతది, మెటల్ని పట్టుకునే ఈడీటీఏ కూడా దండిగ ఉంటది, మీరు పోసిన మెటల్ అంతా వాటికే ఖతం, నాచుకి ఏం కాలేదని వస్తది. నాచు మీద కెమికల్స్ పరీక్షించే ఓఈసీడీ 201 అనే అంతర్జాతీయ టెస్టుల ఇచ్చిన మీడియం కలుపుకోండి, దాంట్ల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ లీటరుకి 1.6 మిల్లీగ్రాములే, ఫాస్ఫరస్ లెక్కల సుమారు 0.36. అంటే లీటరుకి 1.6 మిల్లీగ్రాముల ల్యాంథనం పడితే చాలు, తిండి మొత్తం పోయినట్టే. డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలె. మన బోరు నీళ్లల్ల బైకార్బొనేట్, ఫ్లోరైడ్ రెండూ ల్యాంథనంని పట్టుకుంటయి, అసలు మనం ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ కొసకి ఉండేది ల్యాంథనం ఫ్లోరైడ్ స్ఫటికమే.

ల్యాంథనం క్లోరైడ్ హెప్టాహైడ్రేట్ 0.267 గ్రాములు తూచి 100 మిల్లీలీటర్లకి చేస్తే లీటరుకి 1000 మిల్లీగ్రాముల స్టాక్. 200 మిల్లీలీటర్ల సీసాకి 0.2 మిల్లీలీటరు పోస్తే లీటరుకి 1 మిల్లీగ్రాము వస్తది, 2 పోస్తే 10 వస్తది, 0.1 కావాలంటే స్టాక్‌ని పదింతలు పల్చన చేసి 0.2 పోయండి. గ్లవ్స్ వేసుకోర్రి. గాజు వద్దు, మెటల్ గోడకి అంటుకుంటది, ప్లాస్టిక్ సీసాలు వాడండి, వాటిని సబ్బుపొడితోని కడగొద్దు, కొన్నింట్ల ఫాస్ఫేట్ ఉంటది.

మొత్తం 15 సీసాలు. లీటరుకి 0.1, 1, 10 మిల్లీగ్రాములవి తలా మూడు, ఏం కలపనివి మూడు, ఇంకో మూడు ల్యాంథనం లేకుండ అసలు ఫాస్ఫేటే వేయని మీడియంవి. ఈ ఆఖరి మూడే ప్రాణం, వీటిని ఎగ్గొట్టొద్దు. అన్నిట్ల నాచు ఒకే లెక్కన వేసి, పీహెచ్ చూసి రాసుకొని, మూతులకి దూది పెట్టి, ఎల్‌ఈడీ ట్యూబ్ కింద పెట్టి పూటకోసారి ఊపుతుండాలె.

కలరిమీటర్‌ని ఒక్కదాన్నే నమ్మకండి, అది నీళ్ల రంగే చూస్తది. సీసా గట్టిగ ఊపి, ముద్దలు విడిపోయినంక చుక్క తీసి న్యూబార్ చాంబర్ల (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) నాలుగు మూల గళ్లు లెక్కపెట్టి, సగటుని 10,000తోని గుణిస్తే మిల్లీలీటరుకి ఎన్ని కణాలో వస్తది. కష్టమే, కండ్లు గుంజుతయి, అయినా ఇదే అసలు పని. మూడు రోజులు రోజూ, తర్వాత వారం దాక రోజు విడిచి రోజు.

10 పోసిన సీసా, ఫాస్ఫేట్ లేని సీసా రెండూ ఒకేతీరుగ ఆగితే అది ఆకలి. నాచు కడుపుల ఫాస్ఫేట్ని పాలీఫాస్ఫేట్ లెక్క దాచుకుంటది, కాబట్టి ఫాస్ఫేట్ లేని సీసాల కూడా మొదట్ల పెరుగుతూనే ఉంటది. ఆ రోజుల్లనే ల్యాంథనం సీసా పడిపోతే అప్పుడు మెటల్‌ని అనుమానించొచ్చు. 0.1 సీసా ఏం కలపనిదానికంటే పచ్చగైతే బేజారు కాకండి, తక్కువ డోసుల కొన్నిసార్లు అట్లనే అయితది, ల్యాంథనం సైజు కాల్షియంకి దగ్గర కాబట్టి కణం దగ్గర దాని వేషం వేస్తది.

ఈ రిజల్ట్ పట్టుకొని మూసీ గురించి మాత్రం రాయకండి. ఎంఆర్ఐకి ఎక్కించే గాడోలినియం (ఇది కూడా రేర్ ఎర్త్ మెటలే) మూత్రంల నుంచి మురుగుల కలుస్తది, మామూలు మురుగు ప్లాంట్ దాన్ని సరిగ పట్టలేదు, బెర్లిన్ దిక్కు నదుల్ల 1996లనే చూపెట్టిన్రు. హైదరాబాద్ మురుగు మూసీలనే వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది, నిజమే. కానీ ఆ గాడోలినియం వేరే అణువుల గట్టి సంకెళ్లల్ల ఉంటది, మీరు పోసిన ల్యాంథనం క్లోరైడ్ లెక్క విడిగ తిరగదు, నాచు మీద దాని పని వేరే.

అయిపోయినంక సీసాలు సింకుల వంపకండి. అన్నీ ఒక క్యాన్‌ల పోసి సున్నం వేసి కలిపి రాత్రంత వదిలేస్తే ల్యాంథనం తెల్లటి మడ్డి అయి కిందికి దిగుతది, పైనీళ్లు వంచి ఆ మడ్డిని మూతపెట్టి పేరు రాసి కాలేజీ కెమికల్ వేస్ట్‌ల ఇచ్చేయండి.