పడవని ఒక్కరే ట్రైలర్ మీంచి నీళ్ళలోకి దింపుకోవడం

చెన్నైలో సొంత పడవ ఉన్నవాళ్ళే తక్కువ, దాన్ని కారు వెనక ట్రైలర్ మీద ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) దాకా లాక్కెళ్ళి ఒక్కరే దింపుకునేవాళ్ళు ఇంకా తక్కువ. మామూలుగా ఒడ్డున నలుగురు కుర్రాళ్ళని పిలిచి, టీ డబ్బులిచ్చి తోయించేస్తారు. అందులో తప్పేం లేదు, దొరికితే నేనూ పిలుస్తాను. కానీ ఆదివారం తెల్లారకముందే వెళ్తే అక్కడ కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, పన్నెండు పధ్నాలుగు అడుగుల ఫైబర్ పడవని మీరొక్కరే దింపాలి. దింపొచ్చు, దానికి బలంతో పనిలేదు. ట్రైలర్‌ని వెనక్కి నడపడం చేతికి అలవాటు కావాలి, రెండో మనిషి చెయ్యాల్సిన పని తాడుకి అప్పజెప్పడం తెలియాలి, అంతే.

ముందు చోటు సంగతి. మన దగ్గర ఎవరైనా వచ్చి దింపుకునే ర్యాంప్‌లు, అంటే నీళ్ళలోకి దిగే కాంక్రీటు ఏటవాలు దారులు, దాదాపు లేవనే చెప్పాలి. ముట్టుకాడు బోట్ హౌస్ తమిళనాడు టూరిజం వాళ్ళది, అడక్కుండా మన పడవ తీసుకెళ్ళే చోటు కాదు. రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్ 1911 నుంచీ ఉంది, కానీ అది పోర్టు లోపల. మిగిలింది బ్యాక్‌వాటర్ పక్కన ప్రైవేటు స్థలాలు, మత్స్యకారుల కుప్పాలు. ఎక్కడైనా సరే ముందురోజే వెళ్ళి అడగండి, వలలు ఆరేసిన చోట ట్రైలర్ పెట్టకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో మరపడవలన్నీ హార్బర్లలోనే కట్టేసి ఉంటాయి, అటు వెళ్తే చోటు దొరకదు. పడవ కాగితాలు, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, పోర్టుల వైపూ అణువిద్యుత్ కేంద్రం ఉన్న కల్పాక్కం వైపూ పోకండి.

ఇప్పుడు రివర్స్. ఇది నేర్చుకోవాల్సింది ర్యాంప్ మీద కాదు, ఖాళీ లేఅవుట్‌లో. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్) వెనకాల రోడ్లు వేసి ఇళ్ళు కట్టని లేఅవుట్లు బోలెడు, సెలవురోజు పొద్దున్నే వెళ్తే అడిగేవాడుండడు. మూడు మీటర్ల దూరంలో రెండు ఇటుకలు పెట్టి అదే ర్యాంప్ అనుకోండి. స్టీరింగ్‌ని పైన పట్టుకోవద్దు, అడుగున, అంటే గడియారంలో ఆరు ఉండే చోట ఒక్క చేత్తో పట్టుకోండి. ఆ చెయ్యి కుడికి జరిగితే ట్రైలర్ వెనక భాగం కుడికి పోతుంది, ఎడమకి జరిగితే ఎడమకి. పైన పట్టుకుంటే అన్నీ తిరగబడతాయి, బుర్ర వేడెక్కుతుంది.

యాక్సిలరేటర్ తొక్కకండి. డీజిల్ బండి అయితే క్లచ్ సగం వదిలితే చాలు, అదే మెల్లగా పాకుతుంది. ట్రైలర్ పొట్టిదైన కొద్దీ తొందరగా మెలి తిరుగుతుంది, చిన్న పడవ ట్రైలర్ కంటే పెద్ద లారీ ట్రైలర్‌ని వెనక్కి నడపడం తేలికని డ్రైవర్లు అనేది ఊరికే కాదు. కాబట్టి స్టీరింగ్ బెత్తెడు తిప్పి ఆగి చూడండి, అప్పుడు మళ్ళీ తిప్పండి. అద్దంలో గుర్తు ఒకటే: ట్రైలర్ ఏ అద్దంలో ఎక్కువ కనిపిస్తోందో, స్టీరింగ్‌ని ఆ అద్దం వైపు తిప్పితే అది తిన్నగా అవుతుంది. కుడి అద్దంలో ఉబ్బుతోందా, స్టీరింగ్ కుడికి. అడుగున పట్టుకున్న చెయ్యి అప్పుడు ఎడమకి పోతుంది, అంటే ముందు చెప్పిన లెక్కే. రెండు సూత్రాలూ ఒకటే, ఏది తొందరగా ఎక్కితే దాన్నే వాడుకోండి.

మలుపులో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ట్రైలర్ తిరగడం మొదలవగానే స్టీరింగ్‌ని అలాగే పట్టుకుని ఉంటే కోణం ఇంకా ఇంకా ముడుచుకుపోయి, చివరికి ట్రైలర్ ముందు కడ్డీ కారు బంపర్ మూలకి వచ్చి తగులుతుంది. తిరగడం మొదలైంది అనిపించగానే స్టీరింగ్‌ని రెండో వైపుకి వదులుతూ కారుని ట్రైలర్ వెంట పోనివ్వాలి. అప్పటికే ముడుచుకుపోయి ఉంటే వెనక్కి పోతూ సరిచేద్దామనుకోకండి, జరగదు. ముందుకి లాగండి, పది అడుగులు ముందుకెళ్తే అదే తిన్నగా అవుతుంది. ఎన్నిసార్లు ముందుకి లాగినా పరువేం పోదు.

ఇంకో మాట, యూట్యూబ్‌లో చూసే వీడియోలు ఎక్కువ అమెరికావాళ్ళవి, వాళ్ళ డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు, అందుకే ఎడమకి తిప్పి దింపడం సుళువని చెబుతారు. మనం కుడివైపు కూర్చుంటాం కాబట్టి ర్యాంప్‌ని మీ కుడి చేతివైపు పెట్టుకుని, దాన్ని దాటి ముందుకెళ్ళి, అప్పుడు ట్రైలర్‌ని కుడికి తిప్పుతూ వెనక్కి రండి. కిటికీలోంచి తల బయటపెడితే ట్రైలర్ చక్రం నేరుగా కనిపిస్తుంది. ఎడమకి తిప్పితే ట్రైలర్ కారు చాటుకి పోతుంది.

పడవ దిగిపోయాక ఖాళీ ట్రైలర్ అద్దాల్లో కనిపించదు, పైగా నీళ్ళలో మునిగి ఉంటుంది. ప్లంబింగ్ షాపులో అంగుళం పీవీసీ పైపు కొని, నాలుగడుగుల ముక్కలు రెండు కోసి, ట్రైలర్ వెనక మూలల్లో నిలువుగా క్లాంపులతో బిగించి, కొసలకి ఎర్ర టేపు చుట్టండి. ఖర్చు తక్కువ, టెన్షన్ సగం పోతుంది. ఎవరైనా సాయానికి వచ్చి "లెఫ్ట్‌ల ఒడి, రైట్‌ల ఒడి" (ఎడమకి తిప్పు, కుడికి తిప్పు) అని తమిళంలో అరుస్తుంటే, వాళ్ళు చెప్పేది కారుకా ట్రైలర్‌కా అన్నది మీకు తెలీదు, వాళ్ళకీ తెలీదు. "అణ్ణా, ఏదైనా తగిలేలా ఉంటే స్టాప్ అని ఒక్క మాట చెప్పండి చాలు" అని దణ్ణం పెట్టేయండి.

ర్యాంప్ ఎక్కకముందే, గట్టి నేల మీద పక్కగా ఆపి, అన్నీ సిద్ధం చేసుకోవాలి. సిటీ నుంచి ఈసీఆర్ మీద వచ్చాక ట్రైలర్ చక్రాల హబ్‌లు, అంటే బేరింగులుండే మధ్యభాగాలు, ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆగి టీ తాగండి. వేడి హబ్ ఒక్కసారిగా నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు పక్కనుంచి ఉప్పునీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది, కొన్నాళ్ళకి బేరింగ్ రోడ్డు మీదే బిగుసుకుపోతుంది. ట్రైలర్ లైట్ల ప్లగ్ కారు నుంచి పీకేయండి. పడవ అడుగున నీళ్ళు పోయే బెజ్జానికి బిరడా బిగించారా లేదా చేత్తో తిప్పి చూడండి, కంటితో చూస్తే సరిపోదు. వెనకవైపు కట్టిన బెల్టులు విప్పండి, పెట్రోలు పైపు తగిలించి దాని మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కండి, తెడ్డు, లంగరు, నీళ్ళు, ఫోను వాటర్‌ప్రూఫ్ సంచిలో, అన్నీ పడవలోకి. ఇంజిన్ పైకి ఎత్తే ఉండాలి, లేకపోతే ఫ్యాన్ కాంక్రీటుని గీరుతుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతుందో లేదో చూసుకోవడం ఇంట్లో, హోస్‌పైపు తగిలించి చెయ్యాల్సిన పని, నీళ్ళు లేకుండా నడిపితే పంపు లోపలి రబ్బరు కాలిపోతుంది. ముక్కు దగ్గరున్న వించ్ (పడవని ట్రైలర్ మీదకి లాగే చేతి చక్రం) పట్టీ, సేఫ్టీ చైన్ మాత్రం ఇప్పుడే విప్పకండి. రోలర్లున్న ట్రైలర్ అయితే ఏటవాలులోనే జారి పడవ కాంక్రీటు మీద కూర్చుంటుంది.

లైఫ్ జాకెట్ ఇక్కడే వేసుకోండి, పడవ ఎక్కాక కాదు. ఒంటరి మనిషి జారిపడేది ఎక్కువగా ర్యాంప్ మీదే. 2011 క్రిస్మస్ రోజు పులికాట్ సరస్సులో పడవ బోల్తాపడి పిక్నిక్‌కి వెళ్ళిన ఇరవై మందికి పైగా పోయారు, నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తే మోసపోకూడదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఫోన్‌లో పెట్టుకోండి, ఎన్నింటికి వెనక్కొస్తారో ఇంట్లో చెప్పండి.

ఇంకా కారు కదపకుండా ర్యాంప్ మీదకి నడిచి వెళ్ళండి, గట్టి చెప్పులు వేసుకుని, ఎందుకంటే నీటి అంచున పాచి ఉంటుంది, దాని కింద ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. కర్రతో పొడిచి కాంక్రీటు ఎక్కడ అయిపోతుందో కనుక్కోండి. ట్రైలర్ చక్రం ఆ అంచు దాటి కింద పడిందంటే బయటికి రాదు. ఇక్కడ పోటుకీ ఆటుకీ ఎత్తులో తేడా అమావాస్యకీ పున్నానికీ కూడా మీటరు అటూ ఇటూ మాత్రమే, కానీ ఏటవాలు ర్యాంప్ మీద ఆ మీటరే ఏడెనిమిది మీటర్ల పొడవవుతుంది. పోటు ఎక్కుతుండగా దింపడం మేలు. ముట్టుకాడు లాంటి చోట ఇసుక పేరుకుని సముద్రంలో కలిసే ముఖద్వారం మూసుకుపోతే మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు.

ఇక తాడు. పడవ పొడవుకి రెండింతలున్న నైలాన్ తాడు తీసుకుని ఒక కొస పడవ ముక్కు దగ్గరున్న రింగుకి, రెండో కొస ట్రైలర్ వించ్ స్తంభానికి కట్టండి. మిగతా తాడు చుట్టలు చుట్టి పడవ ముందుభాగంలో పెట్టండి, చిక్కుపడకుండా. ఇప్పుడు సీటు బెల్టు తీసేసి, కిటికీలు దించి, మెల్లగా వెనక్కి రండి. పడవ వెనక భాగం కాస్త తేలి కదలడం మొదలవగానే ఆపండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, ఇంజిన్ ఆపి, దిగి, కారు వెనక చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ చెక్కల విషయంలో బద్ధకం పనికిరాదు, కారు జారితే పట్టుకునేవాళ్ళు లేరు.

తర్వాత చైన్ విప్పి, వించ్ పట్టీ కొక్కెం తీసి, ముక్కు మీద చెయ్యి పెట్టి తొయ్యండి. పడవ జారుకుంటూ వెళ్ళి తాడు బిగుసుకున్న చోట దానంతటదే ఆగుతుంది. కదలకపోతే బలంగా తోయకండి, ఇంకో అడుగు వెనక్కి దింపండి. స్తంభం నుంచి తాడు విప్పి, చేతికి చుట్టుకోకుండా పట్టుకుని, పక్కకి నడిచి జెట్టీకో గట్టు మీది గుంజకో కట్టేయండి. తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అంటే పడవ మీకు దూరంగా లాగుతుంది, తాడు ఉంది కాబట్టి బాధలేదు. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలైతే అదే పడవని తెచ్చి ర్యాంప్‌కి అడ్డంగా పడేస్తుంది, అప్పుడు ముందు, వెనక రెండు తాళ్ళూ కట్టాలి. కట్టాకే చెక్కలు తీసి కారు పైకి తీసుకెళ్ళి పార్క్ చెయ్యండి. వెనక చక్రాలు పాచి మీద తిరుగుతుంటే రేజ్ చెయ్యకండి, ఫోర్ బై ఫోర్ ఉంటే లో గేర్‌లో వేసి మెల్లగా లాగండి.

వెనక్కి ఎక్కించేటప్పుడు ట్రైలర్‌ని మరీ లోతుకి దింపడం అందరూ చేసే పని. అలా చేస్తే పడవ దాని పైన తేలుతూ వంకరగా కూర్చుంటుంది. పడవ ఆనే చెక్కలు మూడింట రెండొంతులు మునిగితే చాలు. తాడుతో ముక్కుని తెచ్చి, పట్టీ తగిలించి, వించ్ తిప్పండి. బరువు మీదున్నప్పుడు వించ్ పళ్ళ చక్రం నాలుక ఎత్తారంటే హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది, తల కూడా ఆ దారిలో పెట్టకండి. చైన్ తగిలించాకే కదలండి.

ఇంటికొచ్చాక ఇంజిన్‌కి మంచినీళ్ళు హోస్‌తో పది నిమిషాలు పట్టించండి, ట్రైలర్ స్ప్రింగ్‌లు, హబ్‌లు, నట్లు కడిగి గ్రీజు కొట్టండి. పడవని ముక్కు పైకి ఉండేలా నిలిపి, అడుగు బిరడా తీసేసి ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానకి కవర్ కింద కూడా నీళ్ళు చేరతాయి, ఒక్క పెద్ద వానకే వందల కేజీలు నిండి ట్రైలర్ స్ప్రింగ్‌లు చతికిలబడతాయి.