5 హెచ్‌పీ మోటరుకు ఎంత ఫ్యూజు వేయాలి?

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి కిట్‌క్యాట్‌లో (తీగ కట్టే పింగాణీ ఫ్యూజు) నాలుగు పోగుల రాగి తీగ మెలేసి పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. మోటరు తిరుగుతుంది, కాదనను. ఎక్కడైనా షార్ట్ అయితే మాత్రం ఫ్యూజుకు బదులు కేబుల్ కాలుతుంది. ఫ్యూజు పని షార్ట్ సర్క్యూట్ నుంచి వైరును కాపాడటం. లోడు ఎక్కువై మోటరు వేడెక్కకుండా చూసేది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే. ఈ తేడా తెలిస్తే మిగతా లెక్క సులువు.

1. మోటరు మీది ప్లేటులో ఫుల్ లోడ్ కరెంటు చూడండి. 415 వోల్టుల త్రీఫేజు మీద 5 హెచ్‌పీకి దాదాపు 7.5 ఆంపియర్లు. ప్లేటు చెరిగిపోతే హెచ్‌పీకి ఒకటిన్నర చొప్పున వేసుకోండి, సబ్‌మెర్సిబుల్ అయితే ఇంకాస్త ఎక్కువ.

2. కేబుల్ దీనికి కనీసం 1.25 రెట్లు, అంటే 9.4 ఆంపియర్లు మోయాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కి అది తేలికే, కానీ బోరు లోతుగా ఉన్నా స్టార్టర్ దూరంగా ఉన్నా వోల్టేజి పడిపోతుంది కాబట్టి ఇంకా లావుది తీసుకోవాలి.

3. ఇక ఫ్యూజు. డైరెక్ట్ స్టార్టర్‌తో (పూర్తి వోల్టేజిని ఒకేసారి ఇచ్చేది) మోటరు లేచేటప్పుడు ఆరేడు రెట్లు, అంటే 50 ఆంపియర్ల దాకా కొన్ని సెకన్లు లాగుతుంది, 10 ఆంపియర్ల ఫ్యూజు దానికి నిలవకపోవచ్చు. అందుకే ఫుల్ లోడుకు రెండు, రెండున్నర రెట్లు చూస్తారు: 15 నుంచి 19 ఆంపియర్లు. దొరికే సైజుల్లో 16 లేదా 20 ఆంపియర్ల జీజీ రకం (మామూలు వాడకానికి చేసినది) హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు, అంటే పెద్ద షార్ట్ కరెంటునూ తెంపగల మూసిన గొట్టం ఫ్యూజు. స్టార్టర్ కంపెనీ పట్టికలో గరిష్ఠ ఫ్యూజు రాసి ఉంటే అది దాటొద్దు. తక్కువ కరెంటుతో మోటరును లేపే స్టార్ డెల్టా స్టార్టర్ అయితే ఇంత అక్కర్లేదు.

20 ఆంపియర్లంటే కేబుల్ మోసే కరెంటుకు దగ్గరగా ఉందే, కొన్నిచోట్ల ఎక్కువే కదా అనిపిస్తుంది. రిలేను ప్లేటు మీది కరెంటుకే సెట్ చేస్తే పర్వాలేదు, ఓవర్‌లోడును అది ఆపేస్తుంది. రిలేను పైకి తిప్పేసి పెట్టారా, ఈ లెక్కంతా వృథా.

కిట్‌క్యాటే వాడాల్సి వస్తే 20 ఆంపియర్లకు సుమారు 0.6 మిల్లీమీటర్ల తగరం పూత రాగి తీగ, ఒక్క పోగే. మూడు ఫేజులకూ ఒకటే సైజు. ఒక ఫ్యూజు పోయి మిగతా రెండు ఫేజుల మీద నడిస్తే వైండింగ్ కాలిపోతుంది, అందుకని ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించండి.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. బటన్ నొక్కగానే ఫ్యూజు పోతే షార్ట్ ఉన్నట్టే, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) చెక్ చేయించాలి. మోటరు కొన్ని సెకన్లు మూలిగాక ఫ్యూజు పోతే పంపు బిగుసుకుందేమో, వోల్టేజి తక్కువుందేమో చూడండి.