పాపప్ వెనక్కి జారిపోయే ఫోకస్

మాదాపూర్‌లో మేం చేస్తున్న ప్రాజెక్టులో పాపప్ కాంపోనెంట్ (మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్క) ఒక్కటే, అన్ని స్క్రీన్లూ దాన్నే వాడతాయి. చూపులేని మా టెస్టర్ ఎన్‌వీడీఏతో, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చూస్తూ, "అన్నా, పాపప్ తెరుచుకుందా అసలు? నాకు వెనక మెనూయే చదువుతోంది" అన్నాడు. ట్యాబ్ నొక్కి చూస్తే నిజమే, ఫోకస్ (కీబోర్డు నొక్కులు అందుకునే చోటు) పాపప్ వెనక పేజీలోకి పోతోంది.

పాత కోడంతా డివ్‌లే, అంటే ఏ అర్థమూ లేని ఉత్త డబ్బాలే. ఫోకస్‌ని ఆపడానికి బోలెడు జావాస్క్రిప్ట్ ఉంది, అయినా జారిపోతోంది. అదంతా పీకేసి పాపప్‌ల కోసమే ఉన్న హెచ్‌టీఎంఎల్ డైలాగ్ ఎలిమెంట్ పెట్టాను. 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఉంది. దాన్ని షోమోడల్ (showModal) అనే ఫంక్షన్‌తో తెరిస్తే వెనక పేజీకి ఫోకస్ వెళ్లకుండా బ్రౌజరే చూసుకుంటుంది, ఎస్కేప్ నొక్కితే మూస్తుంది, ఫోకస్‌ని తెరిచిన బటన్‌కే తిరిగి ఇస్తుంది. తెరవడానికి ట్యాగ్‌లో ఓపెన్ (open) అట్రిబ్యూట్ మాత్రం నేరుగా పెట్టకండి, ఇవేవీ రావు.

ఇంటూ గుర్తు ఐకాన్ ఉత్త "బటన్" అని వినిపించేది. "మూసెయ్యి" అని ఏరియా-లేబుల్ (aria-label, చదివి వినిపించే పేరు) ఇచ్చాను. ఈ ఐకాన్ బటన్ల పిచ్చి డిజైనర్లకి ఎప్పుడు వదులుతుందో!

అసలు టెన్షన్ డిలీట్ దగ్గర. "అవును" నొక్కగానే పట్టికలో ఆ వరుసే పోతుంది, దాంతోపాటు పాపప్ తెరిచిన బటనూ పోతుంది. ఇక ఫోకస్ ఎక్కడికెళ్లాలి? అందుకే ఆ చోటు చెప్పే ప్రాప్ (కాంపోనెంట్‌కి బయటి నుంచి ఇచ్చే విలువ) ఒకటి చేర్చాను. డిలీట్ స్క్రీన్లలో పట్టిక శీర్షికకి పంపుతున్నాం. ఆ శీర్షికకి ట్యాబ్‌ఇండెక్స్ -1 (కోడ్‌తో ఫోకస్ పంపొచ్చు, ట్యాబ్‌తో మాత్రం అక్కడ ఆగదు అని అర్థం) ఇవ్వాలి, లేకపోతే ఫోకస్ అక్కడ నిలవదు.