పాత కంపెనీ గుర్తులు – 4వ పాఠం: వస్తువు వయసు పట్టుకోవడం

ఏం సేకరించాలి, ఎక్కడ వెతకాలి, ఎలా బేరమాడాలి అన్నవి గత మూడు పాఠాల్లో చూశాం. చేతికొచ్చిన వస్తువు ఏ కాలానిదో పట్టుకోవడం ఈ వారం పని. ఇది రాకపోతే మిగతావి ఎన్ని వచ్చినా దండగే. ఎందుకంటే అమ్మేవాళ్ల దగ్గర ప్రతిదీ "బ్రిటిషోళ్ల టైమ్‌దండి బాబూ!" మొన్నో పెద్దమనిషి ప్లాస్టిక్ పెన్‌స్టాండ్ చూపించి కూడా అదే మాట అన్నాడు.

ఖర్చేమీ లేదు. ఒక భూతద్దం, ఒక నోట్‌బుక్, కిటికీ పక్కన వెలుతురు ఉంటే చాలు. నోట్‌బుక్‌లో ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ కేటాయించి, పైన రెండు గీతలు గీయండి. మొదటి గీత మీద "దీనికి ముందుది కాదు", రెండో గీత మీద "దీని తర్వాతది కాదు" అని రాయండి. ఆ రెండిటి పక్కనా సంవత్సరాలు నింపడమే మన పని. కచ్చితమైన తేదీ కోసం పాకులాడకండి. అది దొరకడం చాలా అరుదు.

నా దగ్గరున్న ఒక కీచైన్‌తో చేసి చూపిస్తాను. ఇది విశాఖ మల్కాపురంలో మా మేనమామ ఇంట్లో, దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన దొరికింది. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, ఇత్తడిది. ముందువైపు ఎర్ర ఎనామిల్ నక్షత్రం, దాని కింద ఇంగ్లీషులో పెట్రోలు కంపెనీ కాల్టెక్స్ పేరు. నక్షత్రం కొన ఒకటి పెచ్చు ఊడి, లోపలి ఇత్తడి కనిపిస్తోంది. చివరి రెండు అక్షరాలు దాదాపు అరిగిపోయాయి. బీరువా తాళం తిప్పేటప్పుడు బొటనవేలు ఆనే చోటు సరిగ్గా అదే. ఇలాంటి అరుగుదలని గుర్తుపెట్టుకోండి. చేతి వాడకంతో అరిగిన వస్తువు ఒక పక్కే అరుగుతుంది. గరుకు కాగితం పెట్టి పాతది చేసినది అన్ని పక్కలా ఒకేలా అరిగి ఉంటుంది.

ఇక సంవత్సరాలు. విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది. 1976 చివర్లో కేంద్ర ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1978లో అది హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసిపోయింది. అంటే మొదటి గీత మీద 1957, రెండో గీత మీద 1978. అయిపోయిందా? కాలేదు. కాల్టెక్స్ పేరు మన దేశంలో పోయింది కానీ మలేషియా, సింగపూర్ లాంటి చోట్ల ఇప్పటికీ ఉంది. ఓడల మీద పనిచేసేవాళ్లు ఇంటింటా ఉన్న ఊరు మనది. ఎవరైనా సింగపూర్ నుంచి తెచ్చిన కీచైన్ కూడా మల్కాపురంలో తేలవచ్చు. కాబట్టి పేరొక్కటే చూసి సంబరపడకూడదు.

నేనేం చేశానంటే, మావయ్యనే అడిగాను. "ఏదో ఫంక్షన్‌లో పంచారురా, అందరికీ ఒకటిచ్చారు, నేను రెండు జేబులో వేసుకున్నాను" అన్నారు. ఆయన ఆ రిఫైనరీలో ఉద్యోగంలో చేరింది 1968లో. మొదటి గీత మీద 1957 కొట్టేసి 1968 వేశాను. ఇరవై ఒక్క ఏళ్ల వ్యవధి కాస్తా పదేళ్లకు వచ్చింది. ఆ మాట ఎవరన్నారో, ఏ రోజు అన్నారో కూడా పేజీ కింద రాయండి. నాలుగేళ్లు పోయాక అడుగుదామంటే మనిషి ఉండకపోవచ్చు.

అన్ని వస్తువులకీ మావయ్యలు ఉండరు కదా. అప్పుడు వస్తువు మీదున్న రాతనే నమ్ముకోవాలి. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కి ముందుదే. "నయా పైసలు" అని ఉంటే పండగే, ఎందుకంటే ఆ మాట నడిచింది 1957 నుంచి 1964 దాకా మాత్రమే. అడ్రసులో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందుది కానే కాదు. "మద్రాస్-1", "బొంబాయి-1" లాంటి పాత జోన్ నంబరు ఉంటే చాలావరకు పిన్ కోడ్‌కి ముందు కాలానిది. ముంబై అని ఇంగ్లీషులో ఉంటే 1995 తర్వాతది, చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. పెట్రోలు కంపెనీల్లో ఎస్సో పేరు మన దేశంలో 1974 దాకా, బర్మా షెల్ పేరు 1976 దాకా.

మన ఊళ్లో అందరూ బోల్తా పడేది సింధియా దగ్గర. షిప్‌యార్డ్ కట్టింది సింధియా కంపెనీ. 1941లో శంకుస్థాపన జరిగింది. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ కట్టిన "జల ఉష" ఓడని నీళ్లలోకి దింపారు. 1952లో యార్డ్ హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. దాంతో సింధియా పేరున్న ప్రతి బ్యాడ్జీ 1952కి ముందుదని చెప్పి అమ్ముతారు. కానీ చేయి మారింది యార్డు మాత్రమే. సింధియా ఓడల కంపెనీ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఓడలు నడిపింది. బ్యాడ్జీ మీద షిప్‌యార్డ్ అన్న మాట ఉందా, ఓడల కంపెనీ పేరే ఉందా అన్నది ముందు చూడండి.

నేను మోసపోయింది మాత్రం ఇత్తడి గుండీ దగ్గర. పాత సామాన్ల కొట్టులో బి.ఎన్.ఆర్. అక్షరాలున్న యూనిఫారం గుండీ కనిపించింది. వాల్తేరు నుంచి ఉత్తరానికి లైను నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే అన్నమాట. ఆ పేరు 1952లో పోయింది. చరిత్ర అంతా నోటికొచ్చు కదా అన్న ధీమాతో 900 రూపాయలు ఇచ్చేశాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే అక్షరాల అంచులు మెత్తగా, కరిగిన బెల్లంలా ఉన్నాయి. ఉపరితలమంతా సూదిమొన చిల్లులు. వేలితో రుద్దితే పాతదనం కాస్తా బూట్ పాలిష్ వాసన కొట్టింది. అచ్చు కొట్టిన గుండీకి అక్షరాల అంచు పదునుగా ఉంటుంది. దాన్ని చూసి పోత పోస్తే ఆ పదును పోతుంది, చిన్న చిన్న చిల్లులు పడతాయి. ఆ గుండీ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. అసలుది చేతికొచ్చినప్పుడల్లా పక్కన పెట్టి పోల్చుకుంటాను. ఆ లెక్కన 900 పెట్టి కొన్న పనిముట్టు అనుకోవాలి.

ఇంటిపని: ఇంట్లోంచి మూడు వస్తువులు తీయండి. టీ డబ్బా, కీచైన్, రిటైర్మెంట్‌కి ఇచ్చిన పేపర్‌వెయిట్, ఏవైనా సరే. ఒక్కోదానికి పేజీ రాసి, రెండు గీతల మీదా సంవత్సరాలు నింపండి. నింపలేని గీతని ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయకండి. ఇంకో మాట, తోమకండి. ఇత్తడి కనిపించగానే చింతపండు తీసే అలవాటు మన ఇళ్లలో ఉంది. పేజీ పూర్తయ్యేదాకా వస్తువుని అమ్మకీ అత్తగారికీ దూరంగా దాచండి. సముద్రపు గాలికి పట్టే తుప్పుని ఏం చేయాలో 5వ పాఠంలో చూద్దాం. దానికి ఒక మెత్తటి పాత పంచె ముక్క సిద్ధంగా ఉంచుకోండి.