సోలార్ విమానం లెక్కలు – 3వ పాఠం: రాత్రి గడిచేదెలా?

కిందటి పాఠంలో రెక్క మీద పడే ఎండను లెక్కగట్టాం. ఎండతోనే ఎగిరే సోలార్ ఇంపల్స్-2 విమానం రెక్క 72 మీటర్లు, దాని ఒంటి నిండా 17,248 సోలార్ సెల్స్. పగటికి ఢోకా లేదు. చిక్కంతా పొద్దుగూకాకే.

దాని బ్యాటరీల బరువు 633 కిలోలు. కిలోకి 260 వాట్ అవర్ల చొప్పున సుమారు 164 యూనిట్లు. మన ఇంటి మీటర్లో తిరిగే యూనిట్లే ఇవీ; యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు. నాలుగు మోటార్లూ పూర్తి బలంతో తిరిగితే కరెంటు వాడకం 50 కిలోవాట్లు (గంటకి 50 యూనిట్లు) దాటుతుంది. అంటే మూడు గంటల్లో బ్యాటరీలు ఖాళీ! కానీ 2015లో పైలట్ ఆండ్రే బోర్ష్‌బెర్గ్ ఇదే విమానంలో జపాన్‌లోని నగోయా నుంచి హవాయికి ఒంటరిగా 117 గంటల 52 నిమిషాలు ఎగిరాడు.

మోటార్లను తగ్గించి నడపడం ఒక ఉపాయం. రెండోది మన డాబాల మీదే ఉంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ముందే ట్యాంకు నింపుకున్నవాళ్లకి కొన్నాళ్లు కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. పైకెక్కించిన బరువులో మోటారు పెట్టిన కరెంటు దాగి ఉంటుంది. దీనికి సూత్రం రాసుకోండి:

కిలోలు × మీటర్లు ÷ 367 = వాట్ అవర్లు

వెయ్యి లీటర్ల ట్యాంకు, పది మీటర్ల ఎత్తు: 27 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. అన్ని నీళ్లకి ఇంతేనా అని నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు విమానం. బరువు 2,300 కిలోలు. పగలు మిగులు ఎండతో 8,500 మీటర్లకు ఎక్కుతుంది, చీకటి పడ్డాక మెల్లగా 1,500 మీటర్లకు జారుతుంది. తేడా 7,000 మీటర్లు. గుణించి భాగిస్తే దాదాపు 44 యూనిట్లు, బ్యాటరీలో నాలుగో వంతుకి పైనే! సెకనుకు అర మీటరు దిగుతుందనుకుంటే, మోటార్లకి పెద్దగా పని లేకుండా నాలుగు గంటలు గడిచిపోతాయి. ఆ తర్వాతే బ్యాటరీ వంతు.

అభ్యాసం: విజయనగరం మైదానంలో మీరు ఎగరేసే మోడల్ బరువు రెండు కిలోలు, ఎత్తు వంద మీటర్లు. ఎంతొచ్చింది? అర వాట్ అవరు చిల్లర వస్తే లెక్క సరిపోయినట్టే. సెల్‌ఫోన్ బ్యాటరీలో దీనికి పాతిక రెట్లకు పైగా ఉంటుంది. కాబట్టి చిన్న మోడల్‌కి ఎత్తును నమ్ముకోకండి, బ్యాటరీయే దిక్కు.

అయితే హవాయి ప్రయాణంలో అలా పైకి ఎక్కేటప్పుడే బోర్ష్‌బెర్గ్ విమానం బ్యాటరీలు వేడెక్కి పాడయ్యాయి. విమానం 2016 ఏప్రిల్ దాకా హవాయిలోనే ఆగిపోయింది. ఆ వేడి లెక్క వచ్చే పాఠంలో.