వెదురుబొంగులు పీకి రాగితీగలు పెట్టాను

పర్లాకిమిడిలో 2004 దాకా నడిచిన చిన్న రైలు చూస్తూ పెరిగినవాణ్ని, రైలు పిచ్చి పోలేదు. మొన్న చవగ్గా దొరికిన 1:87 స్కేలు (అసలుదానిలో 87వ వంతు) డీజిల్ ఇంజన్ బొమ్మ కొన్నాను. బాగానే పరిగెత్తుతోంది గానీ, పక్కన చేత్తో పట్టుకునే కమ్మీలు ప్లాస్టిక్‌వి, 1 మిల్లీమీటరు లావు. అంటే అసలు ఇంజన్ మీద దాదాపు 9 సెంటీమీటర్లు. వెదురుబొంగులే!

వాటిని బ్లేడుతో చెక్కేశాను. మోటార్ వైండింగ్ షాపుకెళ్లి 0.4 మిల్లీమీటరు రాగితీగ అడిగితే, "ఏటి బాబూ, బొమ్మకా?" అని నవ్వి మూరెడు ఊరికే ఇచ్చాడు మావయ్య. రాగితీగ వంకర్లు తిరిగి ఉంటుంది. ఒక కొస బిగించి, రెండో కొస కటింగ్ ప్లేయర్‌తో పట్టి గట్టిగా లాగితే కొద్దిగా సాగి తిన్నగా అవుతుంది, గట్టిపడుతుంది కూడా. తీగ కొసలు దూర్చడానికి 0.5 మిల్లీమీటరు డ్రిల్ బిట్టుతో చేత్తోనే కన్నాలు వేశాను.

అసలు టెన్షన్ సూపర్ గ్లూతో. బయటినుంచి చుక్క వేశానో లేదో, చుట్టూ తెల్లటి పొగమచ్చ! మిగతావన్నీ లోపలి వైపు నుంచి, సూదిమొనతో అంటించాను. రాగి మీద ప్రైమర్ కొట్టాకే రంగు. నేరుగా వేసింది గోటికే ఊడొచ్చింది.

హారన్‌కి పాత రీఫిల్ మొన సరిపోయింది. మచ్చ మాత్రం ఇంకా ఉంది, అటువైపు గోడకేసి పెడుతున్నాను.