తిమింగలాలపై పరిశోధనకు అమెరికాలో అనుమతి: దరఖాస్తు విధానం

అమెరికా జలాల్లో తిమింగలాలు, డాల్ఫిన్లు, పోర్పస్‌లను (డాల్ఫిన్లను పోలిన చిన్న సముద్ర క్షీరదాలు) చంపడం, పట్టడమే కాదు, వేధించడం కూడా నేరమని 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం చెబుతోంది. పిల్లకు పాలిస్తున్న తల్లి మీ పడవను చూసి బెదిరి వెళ్లిపోయినా అది వేధింపు కిందికి రావచ్చు. అందుకే పరిశోధకులకు అనుమతి కావాలి. ఇచ్చేది అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’ (NOAA) మత్స్య విభాగం.

ముందుగా మీ పని ఏ తరగతిలోకి వస్తుందో తేల్చుకోండి. ఒడ్డున నిలబడి బైనాక్యులర్లతో లెక్కించడం వంటి, జంతువును ఏమాత్రం కదిలించని పనికి అనుమతి అక్కర్లేదు. అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో లేని వాటిని దగ్గరి నుంచి గమనించి, రెక్కల ఫోటోలతో ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టడానికి ‘సాధారణ అనుమతి’ చాలు. పని మొదలయ్యే తేదీకి కనీసం 60 రోజుల ముందు ఉద్దేశ పత్రం పంపాలి. 30 రోజుల్లో జవాబు ఇస్తారు. బయాప్సీ బాణంతో చర్మం ముక్క తీయాలన్నా, దేహంలో దిగే ట్యాగ్ అమర్చాలన్నా, నీలి తిమింగలం వంటి ముప్పున్న జాతిని సమీపించాలన్నా పూర్తి స్థాయి పరిశోధన అనుమతి తప్పదు.

దీనికి దరఖాస్తు నోవా ఆన్‌లైన్ వ్యవస్థలోనే నింపాలి. పరిశోధన లక్ష్యం, పద్ధతులు, బృందం అనుభవం రాయడం కష్టం కాదు. అసలు పరీక్ష పట్టిక దగ్గరే. ఏ జాతి, ఎన్ని జంతువులు, ఏడాదిలో ఒక్కోదాన్ని ఎన్నిసార్లు, ఏ పద్ధతిలో సమీపిస్తారు అన్నది వరుసవారీగా చూపాలి. ఎందుకైనా మంచిదని అంకెలు పెంచకండి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు 400 కూడా మిగల్లేదు. వాటిలో ఒక్కదాన్ని అదనంగా కలవరపెట్టాలన్నా మీ దగ్గర గట్టి కారణం ఉండాలి. ఇదే సమాచారం చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన జంతువుల నుంచో, పాత ఫోటోల నుంచో దొరకదా అని రాసే ముందే మీరు ప్రశ్నించుకోండి. మీ సంస్థలోని జంతు సంరక్షణ కమిటీ ఆమోదం కూడా జతచేయాలి.

దరఖాస్తు సంపూర్ణంగా ఉంటే అమెరికా ప్రభుత్వ ప్రకటనల పత్రిక ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటిస్తారు. ప్రజల అభిప్రాయాలకు 30 రోజుల గడువు ఉంటుంది. సముద్ర క్షీరదాల కమిషన్ కూడా పరిశీలిస్తుంది. ముప్పున్న జాతులైతే మరో సమీక్ష తోడై నెలలు పడుతుంది. వలస కాలం దాటిపోకుండా చాలా ముందుగానే పంపండి.

అనుమతి సాధారణంగా 5 ఏళ్ల వరకు ఉంటుంది. ఏటా నివేదిక ఇవ్వాలి. సముద్రంలో ఉన్నంతసేపూ అనుమతి పత్రం నకలు మీ వెంట ఉండాలి.